పిల్లలతో ఫ్రాన్స్‌లో సైక్లింగ్: కార్ల భయం లేని రూట్

ఎనిమిదేళ్ల బాబుతో వెళ్తున్నాం, కార్లు ఉండకూడదు, పెద్ద ఎత్తులు తొక్కలేడు, అలాగని చప్పగా ఉండకూడదు అన్నారు కదండీ, అయితే బుర్గుండీలో జివ్రి నుంచి క్లూనీ దాకా వెళ్లండి. పాత రైల్వే లైన్‌ని తీసేసి వేసిన, కార్లు రాని తారు దారి, 1997లో ఓపెన్ చేశారు, ఫ్రాన్స్‌లో ఇలాంటి దారుల్లో ఇదే మొదటిది. మొత్తం 44 కిలోమీటర్లు. రైలు నిటారుగా ఎక్కలేదు కాబట్టి అటూ ఇటూ కొండలు, ద్రాక్షతోటలు ఉన్నా మీ చక్రం కింద మాత్రం ఎత్తు తెలిసీ తెలియనట్టే ఉంటుంది. ఊళ్ల రోడ్లు అడ్డొచ్చే చోట మాత్రం బాబుని ఆపి, చూసి దాటించండి.

ఒక్కరోజులో లాగించకండి ప్లీజ్, కోర్మతా దగ్గర రాత్రి ఆగండి, అక్కడి కోట బాబుకి తప్పకుండా నచ్చుతుంది. క్లూనీ మఠం శిథిలాలకి సగం రోజు ఇవ్వండి, ఒకప్పుడు రోమ్ సెయింట్ పీటర్స్ కట్టేదాకా క్రైస్తవంలో అతి పెద్ద చర్చి అదే.

క్లూనీ దాటాక మాకాన్ వైపు 1.6 కిలోమీటర్ల పాత రైలు టన్నెల్ ఉంది. ఎండాకాలంలో కూడా లోపల చలి, స్వెటర్, సైకిల్ లైటు పైనే పెట్టుకోండి, బ్యాగు అడుగున కాదు. చలికాలం గబ్బిలాల కోసం మూసేస్తారు, అప్పుడు కొండెక్కి దిగాలి, అందుకే మే, జూన్ బెస్ట్.

ఇంకోటి, పల్లెల్లో మధ్యాహ్నం షాపులు మూసేస్తారు, పొద్దున్నే బ్రెడ్డు, పళ్లు కొనేసుకోండి.