ప్రభుత్వాలే సంస్కరణలు చేయలేక తంటాలు పడుతుంటే, మా అమ్మాయి ఆ చదువు చదివి ఏం చేస్తుంది?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది నరసరావుపేట, ఎరువుల షాపు నడుపుతాను. మా అమ్మాయి బీఏ ఎకనామిక్స్ ఆఖరి సంవత్సరం. పబ్లిక్ పాలసీలో (ప్రభుత్వ విధానాల చదువట) పీజీ చేస్తానని పట్టుబట్టింది. ప్రైవేటు కాలేజీల ఫీజులు చూస్తే గుండె గుభేలుమంది. మా బంధువులేమో సివిల్స్ కోచింగ్‌కి పంపమంటున్నారు. అసలు నా అనుమానం వేరే. రైతు చట్టాలు తెచ్చారు, వెనక్కి తీసుకున్నారు. మోటార్లకు మీటర్లన్నారు, ఊరూరా గొడవైంది. అంతమంది ఐఏఎస్‌లు, మంత్రులు ఉండి చేయలేని పని నేర్చుకుని ఈ పిల్ల ఏం చేస్తుంది? ఉద్యోగం వస్తుందా?

జవాబు: నమస్కారమండీ. మీ అనుమానంతోనే మొదలుపెడతాను. మీ అమ్మాయి ఏ కోర్సులో చేరాలన్నది దాని జవాబును బట్టే ఉంటుంది.

మన దేశంలో సంస్కరణలు ఆగిపోయేది ఏం చేయాలో తెలియక కాదు. ఢిల్లీలో ఏ శాఖలో చూసినా కమిటీ నివేదికలకు లోటు లేదు. చిక్కంతా తర్వాత వస్తుంది. ఎవరికి నష్టం, ఆ నష్టం ఎవరు భరించాలి, రాష్ట్రాలు ఒప్పుకుంటాయా, కింద అమలు చేసేది ఎవరు అన్న దగ్గర బండి ఆగుతుంది. మండీల (మార్కెట్ యార్డుల) బయట కూడా పంట అమ్ముకోనిచ్చే 2020 సాగు చట్టాలనే తీసుకోండి. వ్యవసాయం రాష్ట్రాల జాబితాలోది. ఉమ్మడి జాబితాలో వ్యాపారానికి సంబంధించిన అంశం పట్టుకుని కేంద్రం జూన్‌లో ఆర్డినెన్సులు తెచ్చింది, సెప్టెంబరులో బిల్లులు పాస్ చేసింది. మండీల్లో ప్రభుత్వ కొనుగోలు మీద బతికే పంజాబ్, హర్యానా రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా కూర్చున్నారు. 2021 నవంబరులో చట్టాలు రద్దయ్యాయి. ఆ చట్టాలు మంచివా చెడ్డవా అన్న వాదన పక్కన పెట్టండి. వాటి జోలికి వెళ్లే ముందు రాష్ట్రాలతో, రైతు సంఘాలతో కూర్చుని ఓపిగ్గా మాట్లాడే పని జరగలేదు.

జీఎస్టీ కథ వేరు. 2006 బడ్జెట్‌లో ప్రకటించి, 2010 నుంచి అమలన్నారు. అమలయ్యేసరికి 2017 జులై వచ్చింది. ఆ ఏళ్లన్నీ దండగ అనుకోకండి. రాష్ట్రాల ఆర్థిక మంత్రులు మళ్లీ మళ్లీ కూర్చుని వాదించుకున్నారు. ఆదాయం పడిపోతే ఎలా అన్నది వాళ్ల భయం. అయిదేళ్ల పాటు ఏటా 14 శాతం పెరుగుదల లెక్కన పరిహారం ఇస్తామని కేంద్రం చట్టంలోనే రాసిచ్చింది. కేంద్ర, రాష్ట్రాల మంత్రులు కూర్చునే జీఎస్టీ కౌన్సిల్‌లో కేంద్రం ఓటు బరువు మూడో వంతే, ఏ నిర్ణయానికైనా నాలుగింట మూడొంతుల మద్దతు కావాలి. రాష్ట్రాలను కాదని ఏదీ చేయలేని ఏర్పాటు అది. రేట్లు నాలుగు శ్లాబులైనా, మీలాంటి షాపువాళ్లు రిటర్నుల టెన్షన్ పడినా, ఆ వ్యవస్థ నిలబడింది. 2025 సెప్టెంబరులో శ్లాబులను ప్రధానంగా 5, 18 శాతానికి కుదించినప్పుడు కూడా ఆ కౌన్సిల్ ద్వారానే జరిగింది.

పార్లమెంటులో బిల్లు పాసైతే పని అయిపోయినట్టు కాదని కార్మిక చట్టాలు చూపిస్తాయి. 29 చట్టాలను నాలుగు కోడ్‌లుగా కుదించి 2019, 2020లో పాస్ చేశారు. అమల్లోకి వచ్చింది 2025 నవంబరులో. కార్మిక వ్యవహారాలు ఉమ్మడి జాబితాలోవి కాబట్టి రాష్ట్రాలూ రూల్స్ రాసుకోవాలి, కార్మిక సంఘాలతో మాట్లాడాలి. ఆ రూల్స్ ముసాయిదాలు రాయడానికి, లెక్కలు వేయడానికి, అభ్యంతరాలు చదివి జవాబు చెప్పడానికి మనుషులు కావాలి. మీ అమ్మాయి చేయాలనుకుంటున్న ఉద్యోగం దాదాపు ఇదే.

ఇక మోటార్లకు మీటర్ల సంగతి. ఇది మీ ఊళ్లో జరిగింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వ్యవసాయ కనెక్షన్లలో చాలా వాటికి మీటర్లు లేవు. ఎంత కరెంటు వాడారన్నది డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) అంచనా వేసి లెక్క రాస్తుంది. అందుకే రైతు వాడింది ఎంత, లైన్లలో పోయింది ఎంత, దొంగతనం ఎంత అన్నది తేల్చడం కష్టం. మీటరు పెడితే తేలుతుందని కేంద్రం వాదన. 2021-22 నుంచి నాలుగేళ్ల పాటు, విద్యుత్ సంస్కరణలు చేసే రాష్ట్రాలకు రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో (జీఎస్‌డీపీ) అర శాతం దాకా అదనంగా అప్పు తెచ్చుకోనిచ్చింది. ఆంధ్రప్రదేశ్ శ్రీకాకుళం జిల్లాలో పైలట్‌గా మొదలుపెట్టింది. తెలంగాణ మీటర్లు పెట్టేది లేదంది.

లెక్క ప్రకారం మీటరు వస్తే రైతుకు పోయేదేమీ లేదు, బిల్లు సర్కారే కడుతుంది. మరి రైతు ఎందుకు వద్దంటాడు? 1998లో ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. ప్రపంచ బ్యాంకు రుణంతో బోర్డును విడగొట్టారు, చార్జీలు పెంచారు. దానిమీద ఆందోళన చేస్తుంటే 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. 2004లో వైఎస్ తొలి సంతకం ఉచిత విద్యుత్ ఫైలు మీద పెట్టారు. ఇదంతా చూసిన రైతుకు ఇవాళ మీటరు, రేపు బిల్లు అన్న భయం ఉండడంలో వింతేముంది? ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్న రైతుల డిమాండ్లలో విద్యుత్ సవరణ బిల్లు వద్దన్నదీ ఒకటి. ఎక్సెల్ షీటులో సబ్సిడీ లెక్క సరిగ్గా వేసి, ఈ భయానికి మాత్రం జవాబు రాయని నివేదికలు నేను చాలా చూశాను. వాటిని రాసినవాళ్లు పెద్ద కాలేజీల్లో చదివినవాళ్లే.

మీ అమ్మాయికి ఇక్కడే ఒక అనుకూలత ఉంది. రైతు మీ షాపు కౌంటర్ దగ్గర నిలబడి అప్పు పెట్టేటప్పుడు ఏం మాట్లాడతాడో ఆమె చిన్నప్పటి నుంచి వింటోంది. ఢిల్లీలోనో బెంగళూరులోనో పెరిగిన పిల్లలు దీన్ని ఫీల్డ్ విజిట్ అనే పేరుతో నేర్చుకోవాలి. అయితే అది ఒక్కటీ సరిపోదు, లెక్కలూ రావాలి.

కోర్సు విషయంలో నా మాట సూటిగా చెబుతాను. మీ అమ్మాయి ఇప్పుడే పబ్లిక్ పాలసీ డిగ్రీ చేయడం కంటే ఎంఏ ఎకనామిక్స్ చేయడం మేలు. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు ఎకనామిక్స్‌లో పీజీ తప్పనిసరి. రిజర్వ్ బ్యాంకు ఆర్థిక పరిశోధన విభాగంలో గ్రేడ్ బి పోస్టులకూ అంతే. యూజీసీ నెట్ అర్హత పరీక్ష రాసి లెక్చరర్ కావచ్చు. ఇవన్నీ పోయినా పాలసీ సంస్థలు ఎకనామిక్స్ వాళ్లను వద్దనవు. పబ్లిక్ పాలసీ డిగ్రీతో మొదటి రెండు తలుపులూ మూసుకుపోతాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ ఫీజు, మీరు చూసి భయపడ్డ ఫీజులో చిన్న వంతు కూడా ఉండదు.

అయినా పాలసీయే చేస్తానంటే బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో రెండేళ్ల కోర్సు ఉంది, హైదరాబాద్‌లో టాటా వాళ్ల సామాజిక శాస్త్రాల సంస్థ టిస్ ఉంది, గీతం యూనివర్సిటీలో కౌటిల్య స్కూల్ ఉంది. చేరే ముందు ఒక్క పని చేయండి. గత రెండు బ్యాచ్‌ల వాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో పేరుపేరునా అడగండి. బ్రోచర్‌లో వేసిన కంపెనీ లోగోలు చూసి లోను మాత్రం తీసుకోకండి.

ఉద్యోగాలు ఉన్నాయి, కానీ మీరు ఉద్యోగం అంటే అనుకునే రకం కాదు. సచివాలయాల్లో కన్సల్టెన్సీ సంస్థలు నడిపే ప్రాజెక్టు యూనిట్లు, పరిశోధన సంస్థలు, ఫౌండేషన్లు, నీతి ఆయోగ్ యంగ్ ప్రొఫెషనల్ పోస్టులు. చాలావరకు ఏడాది, రెండేళ్ల కాంట్రాక్టులే. ప్రభుత్వం మారితే యూనిట్ మూతపడొచ్చు. పెళ్లి సంబంధాల దగ్గర దీన్ని వివరించలేక తల్లిదండ్రులు ఇబ్బంది పడడం నాకు తెలుసు, అది వేరే సంగతి. పార్లమెంటు బిల్లులను విశ్లేషించే పీఆర్‌ఎస్ సంస్థ ఇచ్చే ల్యాంప్ ఫెలోషిప్ గురించి మాత్రం తప్పక చూడమనండి. డిగ్రీ ఉండి పాతికేళ్ల లోపు వాళ్లు దరఖాస్తు చేయొచ్చు. వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా ఒక ఎంపీ దగ్గర పనిచేయాలి. ప్రశ్నలు తయారు చేయడం, బిల్లు చదివి నోట్ రాయడం లాంటివి. ఒక బిల్లు ఎక్కడ ఎందుకు ఇరుక్కుంటుందో కళ్లారా కనిపిస్తుంది.

సివిల్స్ మాట. ఆమెకు ఇష్టం ఉంటే ఎంఏ తర్వాత రాసుకోవచ్చు, ఎకనామిక్స్ ఆప్షనల్‌గా పనికొస్తుంది. డిగ్రీ అవగానే కోచింగ్ సెంటర్లుండే హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూము తీసుకుని నాలుగేళ్లు కూర్చోబెట్టడం నాకు నచ్చదు. రాకపోతే చేతిలో ఏమీ ఉండదు. గ్రూప్-1కూ ఇదే మాట.

ఈ రంగం ఆమెకు నిజంగా పడుతుందా అన్నది డబ్బు ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. మీ ఇంటి కరెంటు బిల్లు ఆమె చేతికివ్వండి. అందులో పాత ఖర్చుల తేడా కింద వేసే ట్రూఅప్ చార్జీ అని ఉంటే, అది ఎందుకు పడిందో కనుక్కోమనండి. వచ్చే ఏడాది ఆదాయ, వ్యయాల అంచనాలను డిస్కంలు మామూలుగా నవంబరు చివర్లో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి ఇస్తాయి. అవి అందరూ చదువుకునేలా వెబ్‌సైట్లో పెడతారు. వందల పేజీలు, విసుగు పుట్టించే పట్టికలు. అందులో వ్యవసాయ వాడకం ఎలా లెక్కకట్టారో వెతికి, విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం సబ్సిడీని ముందుగా కట్టాలి కదా, కట్టిందా లేదా చూడమనండి. అభ్యంతరం ఎవరైనా రాసి పంపొచ్చు, బహిరంగ విచారణలో మాట్లాడొచ్చు. లాయరు అక్కర్లేదు. అలా పంపిన రెండు పేజీల అభ్యంతరం ఇంటర్వ్యూలో ఏ ఆన్‌లైన్ సర్టిఫికెట్ కంటే ఎక్కువ పనిచేస్తుంది. పది పేజీలకే పుస్తకం మూసేస్తే, ఆమెకు నచ్చింది టీవీ చర్చలే గానీ ఈ పని కాదని మీకూ ఆమెకూ తెలిసిపోతుంది.

సెంట్రల్ యూనివర్సిటీల్లో ఎంఏకి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. నోటిఫికేషన్ మామూలుగా డిసెంబరు, జనవరి మధ్య వస్తుంది. బీఏలో గణితం లేకపోతే ఇప్పటి నుంచే రోజూ ఒక గంట కాలిక్యులస్, స్టాటిస్టిక్స్ మీద పెట్టమనండి. ఎంఏ మొదటి సెమిస్టర్‌లో మన పిల్లలు ఎక్కువగా ఇబ్బంది పడేది అక్కడే.