అత్తని వదిలేసే ముందు

తమ్ముడూ,

నీ కథ మొన్న రాత్రే చదివేశాను. బావుందని ముందే చెప్పేస్తున్నా, లేకపోతే కింద రాసేదంతా చూసి అన్నయ్యకి నచ్చలేదనుకుంటావ్. తెల్లారకట్ట ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాట గొడవ, బుట్ట మీద తడిగుడ్డ కప్పుకుని ఆటో కోసం పరిగెత్తే ఆడవాళ్ళు, ఇవన్నీ చూసినవాడు రాసినట్టే ఉన్నాయి. నా పేచీ అంతా చివరి రెండు పేజీలతోనే.

చీటీలు నడిపే మేనత్త ఇరవై మంది డబ్బు కూతురి ఆపరేషన్‌కి వాడేసింది. మేనల్లుడికి తెలిసింది, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి వరండాలో ఆవిడ పక్కన కూలబడి "పోనీలే అత్తా" అన్నాడు, ఇద్దరూ ఏడ్చారు, కథ అయిపోయింది. నాకూ కళ్ళు చెమర్చాయి, అబద్ధమెందుకు. కానీ పొద్దున్న కాఫీ తాగుతుంటే ఒకటే అనుమానం, పోనీలే అనడానికి వీడెవడు? ఆ చీటీలో వాడి రూపాయి ఒక్కటీ లేదే!

రెండో పేజీలో చేపలమ్మే ఆవిణ్ణొకర్ని తెచ్చావ్, నాలుగు మాటలు మాట్లాడించి పంపేశావ్. ఏప్రిల్‌లో చీటీ పాడుకుందామని ఆగిందని రాశావు. తెలిసి రాశావో ఊరికే రాశావో గానీ, కథంతా అక్కడే ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లు కదలకూడదు. ఆ రెండు నెలల కోసమే ఆవిడ డబ్బు దాచుకుంది. మరి ఆ రెండు నెలలూ ఆ ఇంట్లో ఏం జరిగింది? ఖాళీ బియ్యం డబ్బా వద్దు, అది అందరూ రాసేస్తారు. కొట్టువాడు ఖాతా పుస్తకం మూసేసి "ముందు పాతది కట్టమ్మా" అన్నప్పుడు ఆవిడ చేతిలో ఉన్న నూనె సీసా ఏమైందో రాయి.

భాగవతం మొదటి స్కంధంలో ద్రౌపది ఘట్టం ఓసారి చూడు. నిద్రలో ఉన్న తన ఐదుగురు కొడుకుల్ని చంపిన అశ్వత్థామని అర్జునుడు కట్టి తెస్తే, వదిలెయ్యమంది ఆవిడ, వాళ్ళమ్మ కృపి కూడా తనలా ఏడవకూడదని. భీముడు ఒప్పుకోలేదు, చంపాల్సిందే అన్నాడు. చివరికి ప్రాణం తియ్యకుండా తల గొరిగి, తలలో మణి లాక్కుని వెళ్ళగొట్టారు. ద్రౌపది మాటకి అంత బరువెందుకు? పోయింది ఆవిడ పిల్లలు కాబట్టి. అదే మాట పక్క గుడారం వాడు అనుంటే మనకి ఒళ్ళు మండేది. పైగా అంత దయలోనూ మణి పోనే పోయింది.

అలాగని అత్తని అరెస్ట్ చేయించి ముగించమన్న నీ ఫ్రెండ్ మాట కూడా వినకు. ఆవిడ లోపల కూర్చుంటే ఇరవై మందిలో ఎవరికీ పైసా రాదు. చట్టమే అంత గుడ్డిగా లేదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద, మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం కాకపోతే, కోర్టు మనిషినీ పరిస్థితినీ చూసి బాండు రాయించుకుని వదిలెయ్యొచ్చు, అలా వదిలేస్తూనే నష్టపోయినవాళ్ళకి పరిహారం కట్టమనీ అనొచ్చు.

ఇంకోటి, చీటీ ఎలా మునిగిందో సరిగ్గా తేల్చు. నడిపేవాళ్ళు తినేస్తేనే మునగాలని లేదు, ముందే పాడుకుని ఎత్తుకుపోయినవాళ్ళు వాయిదాలు ఎగ్గొట్టినా మునుగుతుంది. 1982 చిట్ ఫండ్ చట్టం ప్రకారం రిజిస్టరైన చీటీలో పాడుకున్నవాడు జామీను చూపించాలి, వీధి చీటీలో మొహమాటమే జామీను. నీ కథలో అత్త చీటీలో అలాంటివాళ్ళు ఉన్నారా? ఉంటే తప్పు ఆవిడ ఒక్కదాని మీదే వెయ్యకు. లేకపోతే లేరని రాయి. ఈ లెక్క అడగాల్సింది మేనల్లుడే, కానీ అడిగితే అత్త చిన్నబోతుందని నోరు మెదపడు చూడు, ప్రేమతో వచ్చే చిక్కు అదీ.

ప్రేమ తీసెయ్యమనడం లేదు నాయనా. బయటివాళ్ళకి ఆవిడ చీటీల దొంగ. జ్వరమొస్తే రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ మార్చిన మనిషని వాడికొక్కడికే తెలుసు, అదీ కథలో పడాల్సిందే. కానీ అంత ప్రేమున్నవాడు ఊళ్ళోవాళ్ళ డబ్బుతో పెద్దమనసు చూపించుకోవడమేంటి? బండి అమ్మనీ. గాజువాక నుంచి డ్యూటీకి బస్సులో వేలాడుతూ వెళ్ళనీ. అత్తని వెంటబెట్టుకుని ఇరవై గుమ్మాలూ ఎక్కనీ. ఒకళ్ళు మంచినీళ్ళిస్తారు, ఒకళ్ళు బూతులు తిడతారు, చేపలావిడ అయితే "నువ్వేడిసీస్తే నా డబ్బులొచ్చీస్తాయేటి?" అంటుంది. ఆ తర్వాత ఆవిడ క్షమిస్తుందో లేదో ముందే అనుకుని కూర్చోకు, రాస్తుంటే ఆవిడే చెప్తుంది.

చిన్నవి రెండు. కేజీహెచ్ సర్కారు ఆసుపత్రి కదా, అంత డబ్బెందుకైందని మనూరివాడు ఎవడైనా అడుగుతాడు. ముందు ప్రైవేటులో చూపించి, చేతిలో ఉన్నదంతా అయ్యాక ఇక్కడికొచ్చారని ఒక్క వాక్యం పెట్టు. డాక్టరు ఉపన్యాసం మొత్తం కొట్టెయ్.

ఆదివారం జగదాంబ వైపు వస్తే ఫోన్ చెయ్, ప్రింటవుట్ మీద పెన్సిల్‌తో గీసినవి ఇంకా చాలా ఉన్నాయి, ఇచ్చేస్తాను.

నీ
అన్నయ్య