గ్రాండ్ కేమన్‌లో బడి ఫీజు: మూడేళ్లా, అయిదేళ్లా?

ప్రశ్న: నేను చార్టర్డ్ అకౌంటెంటును. మే నెలలో హైదరాబాద్ నుంచి కరీబియన్‌లోని గ్రాండ్ కేమన్ దీవికి వచ్చి, పెట్టుబడి నిధుల లెక్కలు చూసే ఒక ఫండ్ అడ్మినిస్ట్రేషన్ సంస్థలో చేరాను. మూడేళ్ల వర్క్ పర్మిట్ ఇచ్చారు. ఆగస్టులో నా భార్య, పిల్లలు వస్తున్నారు. పెద్దమ్మాయికి 11 ఏళ్లు, అయిదో తరగతి పూర్తయింది. అబ్బాయికి 5 ఏళ్లు. నెల జీతం 8,500 కేమన్ డాలర్లు. కుటుంబ ఆరోగ్య బీమా కోత పోను 7,910 చేతికి వస్తుంది. అద్దె 2,600, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ 450, తిండి, ఇంటి సరుకులు 1,200, కారు 350. ఇండియాలో ఇంటి రుణం వాయిదాకూ, అమ్మానాన్నలకూ కలిపి నెలకు 72,000 రూపాయలు పంపాలి. మూడు బడులు చూశాను. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) అనే అంతర్జాతీయ పాఠ్యక్రమం బోధించే మొదటి బడిలో ఏడాదికి అమ్మాయికి 19,500, అబ్బాయికి 18,000. బ్రిటిష్ పద్ధతిలో నడిచే రెండో బడిలో 13,000, 12,000. చర్చి ఆధ్వర్యంలోని చిన్న బడిలో 8,500, 8,000. నాలుగైదేళ్లు ఉండి తిరిగి వెళ్లాలనుకుంటున్నాం. అమ్మాయిని డాక్టర్ చేయాలన్నది మా ఆవిడ కోరిక. హైదరాబాద్‌లో ఉన్న 28 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి అయినా మొదటి బడిలోనే చేర్చాలా?

జవాబు: మీరు పంపిన లెక్కలు చాలావరకు సరిగానే ఉన్నాయి, కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపినవి ఆ అంకెలు కావు, 'నాలుగైదేళ్లు' అన్న మాట. ఏ బడి అన్నది ఆ మాట తేలాకే తేలుతుంది కాబట్టి ముందు అంకెలు చూసి, తర్వాత దాని దగ్గరకు వస్తాను.

వర్క్ పర్మిట్ మీద వచ్చినవారి పిల్లలకు కేమన్‌లో ప్రభుత్వ బడి మామూలుగా అందుబాటులో ఉండదు, పైగా పిల్లలను డిపెండెంట్లుగా చేర్చే దరఖాస్తుతోపాటే ప్రైవేటు బడిలో సీటు దొరికినట్లు పత్రం అడుగుతారు. అంటే హైదరాబాద్‌లో లాగా డబ్బు బిగిస్తే మరో బడికి మారిపోదామనే వెసులుబాటు అక్కడ తక్కువ, బడి ఫీజును అద్దెతో సమానమైన తప్పనిసరి ఖర్చుగానే లెక్క వేసుకోవాలి. డిపెండెంటుగా వచ్చే మీ శ్రీమతి సొంత పర్మిట్ లేకుండా ఉద్యోగం చేయడానికి వీలుండదు కనుక, కనీసం మొదటి ఏడాది ఇల్లు ఒక్క జీతం మీదే నడుస్తుంది.

మీ లెక్కలో ఒక కోత తప్పిపోయింది. విదేశీ ఉద్యోగికి అక్కడ పని మొదలుపెట్టిన తొమ్మిది నెలల తర్వాత పింఛను చందా తప్పనిసరి అవుతుంది. ఏడాదికి 87,000 డాలర్ల జీతం వరకు మీ వంతు 5 శాతం, యజమాని వంతు 5 శాతం. మీ జీతం ఆ పరిమితిని దాటింది కాబట్టి నెలకు సుమారు 360 డాలర్లు పోయి, వచ్చే ఫిబ్రవరి నుంచి మీ చేతికి 7,550 మాత్రమే వస్తుంది. దీవి విడిచిన కొద్దికాలానికే ఆ మొత్తాన్ని వెనక్కి తీసుకునే పాత సౌకర్యం ఇప్పుడు లేదు, అందుకని ఆ పింఛను డబ్బును పిల్లల చదువు లెక్కలోకి తీసుకురాకండి.

7,550 లోంచి అక్కడి ఖర్చులు 4,600 తీసేస్తే 2,950 ఉంటుంది. కేమన్ డాలరు విలువను 1.20 అమెరికన్ డాలర్లకు 1970ల నుంచీ కట్టేసి ఉంచారు కాబట్టి రూపాయితో దాని మారకం అమెరికన్ డాలరుతోపాటే కదులుతుంది. కేమన్ డాలరుకు 105 రూపాయల చొప్పున చూస్తే ఇండియాకు పంపే 72,000 రూపాయలు దాదాపు 690 కేమన్ డాలర్లు. మిగిలేది నెలకు 2,260, ఏడాదికి 27,120. బడి, విమాన టికెట్లు, జబ్బు, కారు మరమ్మతు, అన్నీ ఇందులోంచే రావాలి.

ఇక ఫీజు పత్రం. మొదటి పేజీలో ఉండే అంకె అసలు ఫీజు కాదన్నది నేను ప్రతి కుటుంబానికీ చెప్పే మాట. దాని వెనక అడ్మిషన్ ఫీజు, భవనాల కోసం ఒకసారి కట్టించుకునే మొత్తం, యూనిఫాం, ల్యాప్‌టాప్, విహారయాత్రలు, పెద్ద తరగతుల్లో పరీక్ష ఫీజులు, బడి మూడు గంటలకు వదిలితే ఆఫీసు అయిదింటికి వదిలే మధ్య సమయానికి కట్టే సొమ్ము వరుసగా బయటికి వస్తాయి. మీ శ్రీమతి ఇంట్లోనే ఉంటారు కాబట్టి చివరిది మీకు తప్పుతుంది. తక్కినవాటికి ఫీజులో పదో వంతు కలుపుకుంటే సరిపోతుందన్నది నా అంచనా.

ఆ పదో వంతు కలిపి చూస్తే మొదటి బడి ఖర్చు ఏడాదికి 41,250. మీ మిగులు కంటే 14,130 డాలర్లు, అంటే దాదాపు 14.8 లక్షల రూపాయలు ఎక్కువ. ఆ లోటును మీ డిపాజిట్‌తో పూడిస్తే 28 లక్షలూ రెండేళ్లు నిండకుండానే కరిగిపోతాయి, ఫీజు ఏటా పెరిగితే ఇంకా ముందే. అప్పటికి అమ్మాయి ఎనిమిదో తరగతి ఈడుకు వస్తుంది, అసలైన ఖర్చు మొదలయ్యే సమయానికి మీ చేతిలో ఏమీ మిగలదు. ఐబీ మంచిదే, ఆ బడీ మంచిదే అయి ఉండవచ్చు. కానీ యజమాని నుంచి బడి భత్యం లేకుండా, ఒక్క జీతం మీద, ఇద్దరు పిల్లలతో ఆ బడి మీ తాహతుకు మించినది. ఈ మాటలో నాకు ఎలాంటి సందేహమూ లేదు.

రెండో బడిలో ఇద్దరినీ చేర్చితే 27,500 అవుతుంది. మీ మిగులు దానికి 380 డాలర్లు చాలదు. చూడటానికి చిన్న అంతరమే, కానీ విమాన టికెట్లకు పైసా ఉండదు. అక్కడి నుంచి ఎక్కువగా లండన్ మీదుగానో అమెరికా మీదుగానో వస్తారు, అమెరికా మీదుగా అయితే విమానం మారడానికే వీసా కావాలి. నలుగురి ప్రయాణం తడిసి మోపెడవుతుంది. మూడో బడిలో ఇద్దరికీ కలిపి 18,150. అప్పుడు ఏడాదికి 8,970 డాలర్లు, దాదాపు 9.4 లక్షల రూపాయలు మిగులుతాయి.

ఇప్పుడు 'నాలుగైదేళ్లు' దగ్గరకు వద్దాం. బ్రిటిష్ పద్ధతిలో తరగతి అంకె మన అంకె కంటే ఒకటి ఎక్కువ. మీ అమ్మాయి ఆరో తరగతికి బదులు ఇయర్ 7లో కూర్చుంటుంది. (ఒక తరగతి దాటేసిందని మురిసిపోయిన తల్లిదండ్రులను చూశాను, దాటినది అంకె మాత్రమే.) మూడేళ్లకు ఇయర్ 9, అంటే మన ఎనిమిదో తరగతి పూర్తవుతుంది. ఇయర్ 10, 11 రెండూ కలిసి ఐజీసీఎస్ఈ చదువు. అయిదేళ్లకు ఆ పరీక్ష రాసి మన పదో తరగతికి సమానమైన స్థాయికి చేరుతుంది. ఏడేళ్లకు, మన పన్నెండో తరగతికి సాటి అయిన ఏ లెవెల్స్ పూర్తి. మూడేళ్లకు వచ్చేస్తే ఇక్కడ తొమ్మిదిలో చేరవచ్చు, అయిదేళ్లకు వస్తే పదకొండులో చేరవచ్చు. నాలుగేళ్లకు వస్తే మాత్రం ఐజీసీఎస్ఈ సగంలో ఆగిపోతుంది, ఇక్కడ పదిలోకి నేరుగా చేరడమూ కష్టం. సీబీఎస్ఈ నిబంధనల ప్రకారం తొమ్మిదో తరగతిని ఆ బోర్డు బడిలోనే చదివినవారికే పదిలో మామూలుగా ప్రవేశం ఉంటుంది. అందువల్ల మీ ఇంటికి లెక్క మూడు, లేదా అయిదు, లేదా ఏడు. నాలుగు వద్దు.

డాక్టర్ చదువు కోరిక ఈ లెక్కను ఇంకా బిగిస్తుంది. ఎంబీబీఎస్ సీట్లలో స్థానిక కోటా కావాలంటే 9 నుంచి 12 వరకు వరుసగా నాలుగేళ్లు తెలంగాణలోనే చదివి ఉండాలన్న నిబంధనను ప్రభుత్వం 2024లో తెచ్చింది, సుప్రీంకోర్టు దాన్ని 2025లో సమర్థించింది. మూడేళ్లకు తిరిగి వస్తేనే అమ్మాయికి ఆ దారి తెరిచి ఉంటుంది. అయిదేళ్లకు వస్తే నీట్ రాయవచ్చు, అఖిల భారత కోటాకు పోటీ పడవచ్చు, కానీ స్థానిక కోటా పోతుంది. ఎన్నారై కోటాలోనో ప్రైవేటు కళాశాలలోనో సీటు కొనాల్సివస్తే ఈ దీవిలో ఆదా చేసిన ప్రతి డాలరూ ఆ ఫీజుకే పోతుంది. పదకొండేళ్ల పిల్ల పదిహేడేళ్లకు ఏమి కావాలనుకుంటుందో ఎవరికి తెలుసు అని మీరనవచ్చు, నిజమే. అయినా ఆ తలుపును ఇప్పుడే మూసుకోవడానికి నాకు కారణం కనిపించడం లేదు.

మీ పర్మిట్ గడువూ మూడేళ్లే, హైదరాబాద్‌లో ఇల్లూ పెద్దవాళ్లూ ఉన్నారు. అందుకని నా సలహా: మూడేళ్లు పెట్టుకోండి, ఇద్దరినీ మూడో బడిలో చేర్చండి. ఎనిమిదో తరగతి ముగించి తిరిగి వచ్చే పిల్లకు ఐబీ అయినా ఐజీసీఎస్ఈ అయినా పట్టా రూపంలో చేతికి వచ్చేది ఏమీ ఉండదు, దానికోసం ఏటా అదనంగా కట్టే వేల డాలర్లకు అర్థం లేదు. మూడేళ్లలో ఇలా మిగిలేది దాదాపు 27,000 డాలర్లు, ఇంచుమించు మీ డిపాజిట్ అంత మరో మొత్తం. అందులోంచి రెండు ప్రయాణాల ఖర్చు పోయినా చెప్పుకోదగినంత ఉంటుంది.

చిన్న బడి అనగానే ఎగబడి చేర్చమని నా ఉద్దేశం కాదు. బడికి వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని రంగుల బ్రోచర్ చూడటం కాకుండా, ఆరో తరగతి ఈడు పిల్లల లెక్కల నోటుబుక్కు ఒకటి అడిగి తిరగేయండి. దశాంశాలు, భిన్నాలు, నిష్పత్తులు ఎక్కడి దాకా వచ్చాయో, ఉపాధ్యాయుడు దిద్దిన ఎర్ర గుర్తులు ఉన్నాయో లేదో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. బడికి గుర్తింపు ఇచ్చిన సంస్థ ఏదో రాతపూర్వకంగా తీసుకోండి. ఎన్‌సీఈఆర్‌టీ లెక్కలు, సైన్సు పుస్తకాలు ఆరు నుంచి ఎనిమిది వరకు సూట్‌కేసులో పెట్టుకు వెళ్లమని మీ శ్రీమతికి చెప్పండి, కొన్ని వందల రూపాయల ఖర్చే. తెలుగు వాచకాలు కూడా. 2018 చట్టం ప్రకారం తెలంగాణలో ఏ బోర్డు బడిలోనైనా తెలుగు తప్పనిసరి పాఠ్యాంశం, అక్కడ మాత్రం రెండో భాషగా ఎక్కువగా స్పానిష్ ఉంటుంది.

ఒకవేళ మీరు అయిదేళ్లకే మొగ్గితే లెక్క వేరు. అప్పుడు అమ్మాయిని రెండో బడిలో, అబ్బాయిని మూడో బడిలో చేర్చండి. ఖర్చు 23,100 అవుతుంది, ఏడాదికి 4,020 మిగులుతుంది. అయితే రెండు బడులకు రెండు వేళల్లో దింపాలి. అద్దె తక్కువని దీవిలో తూర్పున ఉన్న సవానా, బోడెన్ టౌన్ వైపు ఇల్లు తీసుకుంటే పొద్దున రాజధాని జార్జ్ టౌన్‌కు వచ్చే రద్దీలో రెండో కారు కొనక తప్పదు, మిగిలిందంతా దానికే పోతుంది. అబ్బాయి సంగతి కూడా గుర్తుంచుకోండి. శాశ్వత నివాసం రాకపోతే వర్క్ పర్మిట్ మీద తొమ్మిదేళ్లకు మించి ఉండనివ్వరు. అంతవరకు లాగితే వాడు 14 ఏళ్ల వయసులో, సరిగ్గా ఐజీసీఎస్ఈ మొదలయ్యే వేళ బడి వదలాలి.

సంతకం చేసే ముందు ఒప్పందంలో నోటీసు నిబంధన చదవండి. బ్రిటిష్ సంప్రదాయపు బడులు చాలావాటిలో ఒక పూర్తి టర్మ్ ముందు తెలియజేయకుండా పిల్లలను మాన్పిస్తే ఆ టర్మ్ ఫీజు కట్టాల్సిందే. మీ పర్మిట్ యజమానితో ముడిపడి ఉంటుంది, ఉద్యోగం పోయిన నెలలోనే ఈ బిల్లూ వస్తుంది. రెండేళ్ల కిందట మరో కరీబియన్ దీవి నుంచి నన్ను సంప్రదించిన ఒకాయన ఇద్దరు పిల్లలకూ ఇలా ఒక టర్మ్ ఫీజు ఊరికే కట్టి వచ్చారు. యజమాని తన వర్క్ పర్మిట్ రద్దు చేయిస్తే ఈ నిబంధన వర్తించకుండా బడితో ముందే రాయించుకోవచ్చని ఆయనకు తోచలేదు, అడిగితే కొన్ని బడులు ఒప్పుకుంటాయి. తుపానుకు బడి మూతపడితే ఫీజు సంగతేమిటో కూడా అడగండి. జూన్ నుంచి నవంబరు వరకు అక్కడ తుపాన్ల కాలం. 2004 సెప్టెంబరులో ఐవన్ ఆ దీవిని అతలాకుతలం చేసింది.

అందుకే రెండు టర్మ్‌ల ఫీజు, నాలుగు నెలల ఇంటి ఖర్చు అక్కడి బ్యాంకులోనే డాలర్లలో ఉంచండి. ఆ డబ్బును ఎక్కువ వడ్డీ కోసం రూపాయల్లోకి మార్చవద్దు. అది దాటిన మిగులును మాత్రం, ప్రవాసులు విదేశీ సంపాదనను ఇండియాలో దాచుకునే ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు పంపండి, దాని వడ్డీపై ఇండియాలో పన్ను లేదు, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

పాత డిపాజిట్ ఇంకా మామూలు ఖాతా కింద ఉంటే, ఉద్యోగానికి వెళ్లిన మీరు బ్యాంకుకు తెలిపి దాన్ని ఎన్‌ఆర్‌ఓ (ప్రవాసుల ఇండియా డబ్బు కోసం ఉండే ఖాతా) కింద మార్పించాలి. వడ్డీపై 30 శాతం, దానిపై సెస్సు కోస్తారు, రిటర్ను వేస్తే రావాల్సింది తిరిగి వస్తుంది. అక్కడి బడి ఫీజుకు ఇండియా ఆదాయపు పన్నులో పిల్లల చదువు మినహాయింపు రాదు, అది ఇండియాలోని బడులకే. కేమన్‌లో ఆదాయపు పన్ను లేదు కాబట్టి, ఇండియాలో మీ ఆదాయం ఏడాదికి 15 లక్షలు దాటితే మిమ్మల్ని నివాసిగా భావించే నిబంధన ఒకటి ఉంది. అప్పుడు కూడా కేమన్ జీతంపై పన్ను పడదు. మీ వడ్డీ ఆ దరిదాపుల్లోనే లేదు.

డిపాజిట్‌ను అలాగే ఉండనివ్వండి. మీ శ్రీమతి కోరిక నిజమైతే, అమ్మాయి పన్నెండో తరగతి పూర్తిచేసే ఏడు అది అక్కరకొస్తుంది. ఈ వారంలో మీరు చేయాల్సిందల్లా మూడో బడికి ఫోన్ చేసి ఇద్దరికీ సీట్లు ఉన్నాయో లేదో, తోబుట్టువుల తగ్గింపు ఎంతో కనుక్కోవడం, మూడో ఏటి చివరి టర్మ్‌కు నోటీసు ఇవ్వాల్సిన తేదీని క్యాలెండరులో రాసుకోవడం.