ఆ కుర్చీల్లో ఎవరు లేరో ముందు చూడు

చి. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

పిల్లల స్కూల్లో తల్లిదండ్రులు, సిబ్బంది కలిసి కూర్చునే సలహా మండలికి నిన్ను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారని చెప్పినప్పుడు నీ గొంతులో సంతోషం కంటే టెన్షనే ఎక్కువ వినిపించింది. "మాకు ఏ అధికారమూ లేదంట పెద్దమ్మా, ఇంక నేను చేసేదేముంది?" అన్నావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చే ప్రశ్న కాదది. పిల్లలు చదువుకునే రోజుల్లో తల్లిగా ఆరేళ్లు, ఆ తర్వాత టీచరుగా తొమ్మిదేళ్లు ఇలాంటి మండళ్లలో కూర్చున్నాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గా చదువు.

ముందు మీ మండలి నియమావళి తెప్పించుకో. పేర్లు దగ్గరదగ్గరగా ఉన్నా ఒక్కో చోట ఒక్కో బలం ఉంటుంది. అమెరికాలోని షికాగో నగరంలో 1988 నాటి చట్టంతో వచ్చిన స్థానిక పాఠశాల మండళ్లు ప్రిన్సిపాల్‌ను ఎంపిక చేస్తాయి, బడ్జెట్‌ను ఆమోదిస్తాయి. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ కింద ఏర్పడే యాజమాన్య కమిటీలు స్కూలు పనితీరును గమనిస్తాయి, అభివృద్ధి ప్రణాళిక తయారు చేస్తాయి, గ్రాంట్లు ఎలా ఖర్చవుతున్నాయో చూస్తాయి. అయితే 2012లో అదే చట్టానికి చేసిన సవరణ ప్రకారం ఎయిడెడ్ స్కూళ్లలోనూ, మైనారిటీలు స్థాపించి నడుపుకునే స్కూళ్లలోనూ ఆ కమిటీ పని సలహా ఇవ్వడం వరకే. మీ మండలి కూడా సలహా వరకే అన్నావు కదా. ఏయే విషయాల్లో మిమ్మల్ని తప్పకుండా అడగాలి, ఏవి అడగక్కర్లేదు అనేది ఆ కాగితంలో రాసి ఉంటుంది. చదివిన తర్వాత హెడ్మాస్టరు గారి దగ్గర ఓ అరగంట కూర్చుని, ఆయన దాన్ని ఎలా అర్థం చేసుకున్నారో కూడా అడుగు. మీ ఇద్దరి అర్థాలూ వేరైతే ఆ తేడా మొదటి మీటింగ్‌కు ముందే తెలిసిపోవాలి.

సలహా మాత్రమే అన్నారని చిన్నబుచ్చుకోకు. అధికారం ఉన్నవాళ్లు కారణం చెప్పకపోయినా పని జరుగుతుంది. మనకు ఆ వీలు లేదు. మన మాట నిలబడాలంటే అది నిజంగా స్కూల్లోని అందరి తరఫునా వచ్చిన మాట అయి ఉండాలి. "ఇది ఎంతమంది మాట అమ్మా?" అని హెడ్మాస్టరు అడిగితే నీ దగ్గర గట్టి జవాబు ఉండాలి. అందుకే నేను ఎక్కువగా చెప్పబోయేది మండలి కూర్పు గురించే.

నేను తల్లిగా చేరిన మొదటి సంవత్సరం మా మీటింగులు పనిదినాల్లో ఉదయం పదకొండింటికి జరిగేవి. ఆ వేళకు ఎవరు రాగలరు? సొంత వ్యాపారాలున్న నాన్నలు, ఇంట్లో సాయానికి మనుషులున్న అమ్మలు. దాదాపు అందరి పిల్లలూ పై తరగతుల వాళ్లే, బాగా చదివేవాళ్లే. ఆ ఏడాదంతా మేము పరీక్షల గురించి, వార్షికోత్సవం గురించి మాట్లాడుకున్నాం. స్కూల్లో ఇంకే సమస్యా లేదనే అనుకున్నాం.

రెండో ఏడాది సిబ్బంది తరఫున టీచర్లతో పాటు ఒక ఆయాను కూడా సభ్యురాలిగా తీసుకున్నారు. మూడు మీటింగులు ఆవిడ నోరు విప్పలేదు. నాలుగో దాంట్లో, అందరూ లేవబోతుంటే, మెల్లగా ఒక మాట అంది. ఆడపిల్లల టాయిలెట్‌లో రెండు తలుపులకు గడియలు ఊడిపోయాయనీ, అందుకే చాలామంది పిల్లలు పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఉండి, మధ్యాహ్నానికి తలనొప్పి అంటున్నారనీ చెప్పింది. ఆ గడియలు ఎన్నో నెలలుగా అలాగే ఉన్నాయట. నా కూతురూ ఆ స్కూల్లోనే చదువుతోంది. ఇంటికి రాగానే గబగబా బాత్రూమ్‌లోకి పరుగెత్తేది. ఎందుకో నేను ఎప్పుడూ అడగలేదు. గడియలు మరుసటి రోజే బిగించారు. అంత చిన్న పనికి అన్ని నెలలు పట్టడానికి కారణం డబ్బు లేకపోవడం కాదు, ఆ విషయం తెలిసిన మనిషికి మా మధ్య కుర్చీ లేకపోవడం. ఆ రోజు నుంచి ఏ మండలిలో కూర్చున్నా ఆ కుర్చీల్లో ఎవరు లేరో ముందు చూసుకోవడం నాకు అలవాటైంది.

నువ్వూ అలాగే లెక్క చూసుకో. చిన్న తరగతుల వాళ్లు ఉన్నారా? కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రులు ఉన్నారా? వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రుల్లో ఒకరైనా ఉన్నారా? ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్లు? షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు? అమ్మానాన్నలు దగ్గర లేక తాతయ్యో అమ్మమ్మో పెంచుతున్న పిల్లల తరఫున ఎవరు మాట్లాడతారు? సిబ్బంది అంటే టీచర్లు మాత్రమే అనుకోకు. ఆఫీసు క్లర్కు, ఆయా, బస్సు డ్రైవరు చూసే స్కూలు వేరే ఉంటుంది. విద్యాహక్కు చట్టంలోని ఆ సెక్షన్ నాకు నచ్చేది ఇందుకే. కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలనీ, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలనీ, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల సంఖ్యకు తగ్గ చోటు ఇవ్వాలనీ అందులోనే రాసేశారు. ఎవరి మంచితనానికో వదిలేయలేదు. మీ నియమావళిలో అంత స్పష్టత లేకపోతే, చేర్చమని మీ మొదటి సలహాగా రాసివ్వు.

పిలిచినా రావడం లేదని మాత్రం అనకు. రాకపోవడానికి వాళ్లకు కారణాలుంటాయి. మేము మీటింగ్ సాయంత్రానికి మార్చి, చిన్నపిల్లలను పక్క గదిలో ఆడించడానికి ఒకరిని పెట్టాక కొత్త ముఖాలు కనిపించాయి. అప్పటికీ రాలేనివాళ్లను పిల్లల్ని దింపే వేళ గేటు దగ్గర నిలబడి అడిగేదాన్ని. అక్కడ రెండు నిమిషాల్లో దొరికిన మాటలు కొన్నిసార్లు మీటింగులో రెండు గంటలు కూర్చున్నా దొరకవు.

మండలి మరీ పెద్దది కాకూడదు. పన్నెండు నుంచి పదిహేను మంది చాలు. అంతకు మించితే నలుగురు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. పదవీకాలం రెండేళ్లు పెట్టి, ఏటా సగం మంది మారేలా చూసుకుంటే పాత సంగతులు తెలిసినవాళ్లు ఎప్పుడూ ఉంటారు. హైస్కూలు అయితే ఇద్దరు విద్యార్థులను కూడా పిలవండి. వాళ్లకు సంబంధించిన అంశాలు ముందు పెట్టి, అవి అయ్యాక పంపించేయండి.

హెడ్మాస్టరు గారి స్థానం గురించి అడిగావు. ఆయన ప్రతి మీటింగుకూ రావాలి. ఆయన లేకుండా మాట్లాడుకుంటే అది మనలో మనం గొణుక్కోవడమే అవుతుంది. కానీ అధ్యక్ష కుర్చీ మాత్రం ఆయనది కాకూడదని నా గట్టి అభిప్రాయం. సలహా తీసుకోవలసిన మనిషే సలహా సభ నడిపితే ఎవరైనా మనసులో మాట చెబుతారా? స్కాట్లాండ్‌లో 2006 నాటి చట్టం ప్రకారం పేరెంట్ కౌన్సిల్ మీటింగులకు వెళ్లడం హెడ్‌టీచర్‌కు హక్కు, బాధ్యత కూడా. అధ్యక్షులుగా ఉండేది మాత్రం ఆ స్కూల్లో చదివే పిల్లల తల్లిదండ్రులే. మన విద్యాహక్కు చట్టం కింద 2010లో కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనలూ అలాగే ఉన్నాయి. అధ్యక్ష, ఉపాధ్యక్షులు తల్లిదండ్రుల్లోంచి రావాలి, ప్రధానోపాధ్యాయులు సభ్య కన్వీనరుగా ఉండాలి. అజెండా మాత్రం మీరిద్దరూ కలిసి రాయండి. వారం ముందే అందరికీ పంపండి. మూడు అంశాలకు మించి పెట్టకండి.

ఇప్పుడు చెప్పేది నాకు ఇప్పటికీ బాధగా ఉండే సంగతి. నేను అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు ఒక తండ్రి నిండు సభలో ఒక టీచరు పేరెత్తి, "ఆవిడకు లెక్కలు చెప్పడం రాదు" అన్నాడు. ఆ టీచరు అక్కడే కూర్చుని ఉంది. నేను ఆపాలి. ఆపలేదు. ఆయన కోపంగా ఉన్నాడు, పోనీ చెప్పనిద్దాం అనుకున్నాను. ఇంకో ఇద్దరు అందుకున్నారు. ఆ టీచరు తలవంచుకుని పెన్నుతో కాగితం మీద గీతలు గీస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత ఆ సంవత్సరం ముగిసేదాకా టీచర్లెవరూ మండలిలో మనసు విప్పి మాట్లాడలేదు. మర్యాదగా వచ్చి, మర్యాదగా కూర్చుని వెళ్లిపోయేవాళ్లు. నేనే టీచరై అటువైపు కూర్చున్నాక ఆ మౌనం ఎంత బరువైనదో తెలిసింది. నేను వెళ్లి ఆవిడకు క్షమాపణ చెప్పుకున్నాను. కానీ సభలో జరిగినదాన్ని గదిలో చెప్పే క్షమాపణ తుడవలేదు.

కాబట్టి మొదటి రోజే అందరికీ చెప్పెయ్. ఇక్కడ ఏ టీచరు పేరూ, ఏ పిల్లవాడి పేరూ రాకూడదని. ఒక పిల్లవాడి మార్కులు, ఒక టీచరు తీరు, ఒక ఇంటి గొడవ సంబంధిత టీచరుతోనో హెడ్మాస్టరుతోనో విడిగా మాట్లాడవలసినవి. అలా వచ్చిన మనిషిని కసిరి పంపకు. ఎవరిని కలవాలో చెప్పి, రెండు రోజుల తర్వాత కలిశారా అని అడుగు. అవే ఫిర్యాదులు నలుగురైదుగురి నుంచి వస్తే, పేర్లు తీసేసి విషయంగా మార్చి మండలికి తీసుకురావచ్చు. "ఆరో తరగతిలో చాలామంది లెక్కల్లో వెనకబడుతున్నారు, అదనపు సాయం ఎలా ఇద్దాం?" అంటే ఆ టీచరే ముందుకొచ్చి మాట్లాడుతుంది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. పిల్లల మీద చెయ్యి చేసుకోవడం, వేధించడం లాంటి మాట చెవిన పడితే మీటింగు దాకా ఆగకు. అదే రోజు హెడ్మాస్టరుకు రాతపూర్వకంగా తెలియజెయ్యి. అక్కడ కదలిక లేకపోతే పై అధికారుల దగ్గరకు వెళ్లు. అది సలహా ఇచ్చే విషయం కాదు.

టీచర్ల నియామకాలు, బదిలీలు, బోర్డు నిర్ణయించే సిలబస్ మన పరిధిలోకి రావు. అయినా మిగిలింది తక్కువేమీ కాదు. హోంవర్క్ ఎంత ఉండాలి, బస్సులో, గేటు దగ్గర భద్రత ఎలా ఉంది, లైబ్రరీ పుస్తకాలు పిల్లల చేతికి అందుతున్నాయా, కొత్తగా చేరిన పిల్లలను ఎవరు పలకరిస్తున్నారు, వచ్చే ఏడాది బడ్జెట్‌లో దేనికి ముందు డబ్బు కేటాయించాలి, ఇవన్నీ మీరు మాట్లాడవలసినవే. విరాళాలు వసూలు చేసే పని మండలికి అంటగడతారేమో, జాగ్రత్త. ఒకసారి అందులో దిగితే మీటింగులన్నీ డబ్బు లెక్కలతోనే గడిచిపోతాయి. తప్పనిసరైతే విడిగా బ్యాంకు ఖాతా, రెండు సంతకాలు, ఏటా ఆడిట్ ఉండాలి.

మినిట్స్ పుస్తకం నీ దగ్గర ఉండే గొప్ప ఆయుధం. ఎవరు ఏమన్నారో అంతా రాయక్కర్లేదు. ఏం అడిగాం, ఎవరు చూస్తారు, ఎప్పటిలోగా అన్న మూడు గడులు చాలు. ప్రతి సలహానూ ఉత్తరంగా ఇవ్వు. మేము చూసింది ఇది, ఇంతమందిని అడిగాం, ఇలా చేస్తే బాగుంటుంది అని అరపేజీ. దానికి రాతపూర్వకంగా జవాబు అడుగు. "చేస్తాం" అన్నా సరే, "కుదరదు, ఫలానా కారణం" అన్నా సరే. కారణంతో వచ్చిన "కుదరదు"ను గౌరవించు. జవాబే రాకపోతే మాత్రం తర్వాతి అజెండాలో అదే మొదటి అంశంగా పెట్టు. కోపం వద్దు, గుర్తుచేస్తే చాలు. జవాబులు వచ్చాక, మండలిలో లేని తల్లిదండ్రులకు కూడా తెలిసేలా నోటీసు బోర్డులో అంటించు. గేటు దగ్గర నీకు ఒక మాట చెప్పిన అమ్మ, ఆ మాట ఏమైందో తెలిస్తే రెండోసారి కూడా చెబుతుంది.

ఇంకో చిన్న విషయం. మొదటి మీటింగుకు పది నిమిషాలు ముందు వెళ్లి కుర్చీలు నువ్వే సర్దు. తల్లిదండ్రులు ఒక పక్క, టీచర్లు ఒక పక్క కూర్చునేలా ఉంటే మార్చేసి గుండ్రంగా వెయ్యి. ఆయా కుర్చీ తలుపు దగ్గర కాకుండా నీ పక్కన వెయ్యి. ముందు ఆవిడనే అడుగు, ఈ నెలలో ఏం చూశావమ్మా అని.

మీటింగ్ అయ్యాక మినిట్స్ కాపీ ఒకటి నాకు పంపు. ఎవరెవరు రాలేదో వాళ్ల జాబితా కూడా పంపు. ఆదివారం ఫోన్ చేస్తాను, ఇద్దరం కలిసి చూద్దాం.

పిల్లలకు ముద్దులు.

మీ పెద్దమ్మ