గోడవారగా కుర్చీలు వేయకండి

ఎంవీపీ కాలనీలో కొత్త ఫ్లాట్‌కి అందరినీ పిలిస్తే, ఆఫీసువాళ్లు ఒక మూల, మీవారి తరఫు చుట్టాలు ఒక మూల కూర్చుని ఫోన్లు చూసుకున్నారని రాశారు. ఈ ఆదివారం మళ్లీ పిలిచారు కాబట్టి టెన్షన్. మా ఇంట్లోనూ అచ్చం ఇలాగే అయిందండీ. తప్పు కుర్చీలది. పెళ్లిచూపులకి వేసినట్టు గోడవారగా వరసగా వేశాను. కూర్చున్నవాళ్లు లేస్తే ఒట్టు!

ఈసారి వచ్చేవాళ్ల కంటే నాలుగైదు కుర్చీలు తక్కువ వేయండి. తినేవి హాల్లో, కూల్‌డ్రింకులు బాల్కనీలో పెట్టండి. అటూ ఇటూ తిరగక తప్పదు.

నాకు అసలు పనిచేసింది మాత్రం మురీ మిక్చర్. బీచ్ రోడ్డు బండి మీద ఉన్నట్టే మరమరాలు, పల్లీలు, ఉల్లి, టమాటా, పచ్చిమిర్చి ముక్కలు, నిమ్మకాయలు విడివిడిగా బల్ల మీద పెట్టి, "కాస్త ఎవరైనా కలుపుతారా, నాకు చేతులు ఖాళీ లేవు" అన్నాను. మా బాబాయిగారు గిన్నె అందుకున్నారు. ఆఫీసు కుర్రాడొకడు నిమ్మచెక్క పిండుతూ "కారం చాల్లేదు బాబాయ్ గారూ" అన్నాడు. అంతే, వాదన మొదలు. ముందే కలిపి ఉంచితే ఈ సరదా ఉండదు, పైగా మెత్తబడిపోతుంది.

పరిచయం చేసేటప్పుడు పేరు, ఉద్యోగం చెప్పి వదిలేయకండి. "ఈవిడ కూడా మీలాగే సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచారు" అనండి. కాళ్లనొప్పుల కబుర్లు వాళ్లే చూసుకుంటారు.

టీవీ కట్టేయండి. తంబోలా ఆడించాలంటే భోజనాలకి ముందే. తిన్నాక మన వైజాగ్ ఉక్కపోతకి అందరికీ కునుకే.