అమ్మగారికి ఫోన్ పరీక్షలో తక్కువ మార్కులు: సమాధానం

అయిదో తరగతి చదివిన అమ్మగారికి ఫోన్‌లో ఇంగ్లిష్ జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే 30కి 17 వచ్చాయి, మతిమరుపు జబ్బు అల్జీమర్సేనా అని అడిగారు. ఆ అంకె చూసి బెంగపడకండి. రాని భాష, వేలితో గీయాల్సిన గడియారం బొమ్మ, కనపడీ కనపడని అక్షరాలు, పక్కనుంచి మీరు అందించే మాట, అన్నీ మార్కుల్ని మార్చేస్తాయి. భారత వైద్య పరిశోధన మండలి తెలుగులోనూ ఇలాంటి పరీక్షలు తయారు చేయించింది. న్యూరాలజిస్టును, అంటే నరాల డాక్టరును, వాటి గురించే అడగండి.

ఈలోగా విటమిన్ బి12, థైరాయిడ్ రక్తపరీక్షలు చేయించండి, చెవులు చూపించండి. దిగులు, నిద్రమాత్రలు కూడా మరుపు తెస్తాయండీ.

అన్నిటికన్నా డాక్టరుకు పనికొచ్చేది మీరు రాసిన కాగితం: పొయ్యి ఆర్పడం మరుస్తున్నారా, డబ్బు లెక్క తప్పుతున్నారా, తెలిసిన దారిలో తికమకపడుతున్నారా, ఎప్పటినుంచి. ఉన్నట్టుండి అయోమయంలో పడితే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.