సమాధానం: అన్యభాషల ప్రార్థన చూసి బెదిరిన పొరుగింటావిడ
అక్కా, జమ్మలమడుగు కూడికకు మీరు తీసుకెళ్లిన పొరుగింటావిడ, అందరూ ఒకేసారి అన్యభాషల్లో (పరిశుద్ధాత్మ ప్రేరణతో, తాము నేర్చుకోని భాషల్లో) ప్రార్థించడం చూసి బెదిరిపోయారని రాశారు. ఈ సంగతి పాస్టరుగారితో చెబితే ఆత్మను ఆర్పినట్టు, అంటే పరిశుద్ధాత్మ పనికి అడ్డుపడినట్టు అవుతుందేమోనని మీ భయం. అవదు. బైబిల్లోని మొదటి కొరింథీయులకు పత్రిక 14వ అధ్యాయం సరిగ్గా దీని గురించే. అందరికన్నా ఎక్కువగా భాషలతో మాట్లాడతానన్న పౌలే (ఆ పత్రిక రాసిన అపొస్తలుడు), సంఘంలో మాత్రం భాషతో పదివేల మాటలకన్నా అర్థమయ్యే అయిదు మాటలే మేలన్నాడు. 27, 28 వచనాలు ఇంకా సూటి: భాషతో మాట్లాడేది ఇద్దరు, మించితే ముగ్గురు, అదీ ఒకరి తర్వాత ఒకరు. అర్థం చెప్పేవారు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండి, దేవునితోనే మాట్లాడుకోవాలి. బయటివారు చూస్తే వెర్రివాళ్లనుకోరా అంటుంది 23వ వచనం. అచ్చం మీ పొరుగింటావిడే!



అయితే 39వ వచనం భాషలను ఆటంకపరచవద్దంటుంది, కాబట్టి ఆపమని అడగకండి. పదిమందిలో కాకుండా విడిగా కలిసి, కొత్తవాళ్లు వచ్చే ఆదివారం ఆరాధన తెలుగులోనే జరపగలరా అని అడగండి. మా ప్రొద్దుటూరు సంఘంలో అలాగే కుదిరింది. భాషల ప్రార్థన శుక్రవారం ఉపవాస కూడికకు మారింది, అర్థం చెప్పేవారితో సహా.